పని మధ్యలో పిలిచినవారు



పాట కట్టడం, బొమ్మ వేయడం, కథ వ్రాయడం, అల్లిక అల్లడం, ఇవన్నీ దేవుని వరాలని ప్రసంగాలలో వింటూనే ఉంటాం. ఆ వరం ఉన్నవారి ఇంట్లో ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ అంతగా మాట్లాడరు. క్రిస్మస్ నాటికకు పాట వ్రాద్దామని ఉపదేశిగారు కూర్చుంటారు. పల్లవి కుదిరేసరికి బియ్యం నిండుకున్నాయని లోపలినుంచి కబురు వస్తుంది. బలిపీఠం మీద పరచే వస్త్రానికి అల్లిక మొదలుపెట్టిన తల్లి సూదిలో దారం ఎక్కించేలోగా చంటివాడు లేచి ఏడుస్తాడు. "ఈ ఇంట్లో ఒక్క గంట నన్ను నా మానాన వదలరు గదా!" అనే మాట మనలో ఎంతమందిమి అనలేదు?

ఈ విసుగును పాపమని కొట్టిపారేయడం సులువు. నేను మాత్రం అలా అనను. తనకిచ్చిన పనిని శ్రద్ధగా చేయాలన్న తపన ఉన్నవారికే ఆ విసుగు వస్తుంది. ఏమీ చేయనివాడికి ఎవరు ఎప్పుడు పిలిచినా ఒకటే. అయితే వరమూ దేవుడిచ్చిందే, కుటుంబమూ దేవుడిచ్చిందే అయినప్పుడు, ఒకదానికి కృతజ్ఞత చెప్పుకోవడానికి రెండోది అడ్డు వస్తుందా?

ఈ ఇబ్బంది బాగా ఎరిగిన కతోలిక రచయిత ఒకరున్నారు. ఆయన జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892-1973). ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. 1900లో తల్లి కతోలిక సంఘంలో చేరారు. 1904లో ఆమె కూడా మరణించగా, ఫాదర్ ఫ్రాన్సిస్ మోర్గన్ అనే గురువు అన్నదమ్ములిద్దరి బాధ్యత తీసుకున్నారు. పెద్దయ్యాక టోల్కీన్‌కు నలుగురు పిల్లలు కలిగారు. పెద్దకుమారుడు జాన్ తరువాత గురువయ్యారు.

ఇంటి ఖర్చులకు జీతం చాలక, టోల్కీన్ వేసవిలో బడిపిల్లల పరీక్ష పేపర్లు దిద్దేవారు. విసుగు పుట్టించే పని అది. ఒకసారి అలా దిద్దుతుంటే ఎవరో విద్యార్థి ఖాళీగా వదిలిన పేజీ ఒకటి తగిలింది. దానిమీద ఆయన తోచిన వాక్యమొకటి వ్రాశారు. 1937లో అచ్చయిన 'ది హాబిట్' అనే కథకు అదే తొలి వాక్యమయింది. ఇల్లు గడవడం కోసం చేసిన చాకిరీలోనే ఆ కాగితం దొరికింది. క్రిస్మస్ తాత వ్రాసినట్టుగా బొమ్మలు వేసి తన పిల్లలకు 1920 నుంచి 1943 దాకా ఉత్తరాలు వ్రాసిందీ ఈయనే. ఆ మధ్యలో, 1937 డిసెంబరులో, పెద్ద పుస్తకమొకటి మొదలుపెట్టారు. అదే 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'. అది 1954-55లలో గాని వెలుగు చూడలేదు.

ఆ పుస్తకం చేతిలో ఉండగానే టోల్కీన్ ఒక చిన్న కథ వ్రాశారు. 1945 జనవరిలో 'డబ్లిన్ రివ్యూ' అనే కతోలిక పత్రికలో వచ్చింది. నిగిల్ అనే చిత్రకారుడి కథ అది. అతడు ఒక ఆకు బొమ్మతో మొదలుపెడతాడు. ఆకు కొమ్మవుతుంది, కొమ్మ మహావృక్షమవుతుంది. గుడ్డ ఎంత పెద్దదంటే నిచ్చెన వేసుకొని గీయాలి. తప్పించుకోలేని దూరప్రయాణం ఒకటి ముందుంది, ఆలోగా బొమ్మ పూర్తికావాలి. కాని పొరుగింటి పారిష్ వదలడు. అతనికి కాలు కుంటి, భార్యకు జ్వరం, గాలికి ఇంటిపెంకులు లేచిపోయాయి. (ఇంగ్లీషులో ఆ పేరుకు మన 'విచారణ' అనే అర్థం!) నిగిల్ లోపల గొణుక్కుంటూనే వానలో సైకిలెక్కి డాక్టరు కోసం వెళతాడు, తడిసి తానూ మంచం పడతాడు. బొమ్మ పూర్తికాకుండానే ప్రయాణం వచ్చేస్తుంది.

తరువాతి భాగం చదివితే కతోలికులకు ఉత్తరించు స్థలం గుర్తుకురాక మానదు. అక్కడ నిగిల్ పక్షాన నిలిచింది అతని బొమ్మ కాదు, వానలో చేసిన ఆ సైకిలు ప్రయాణం. చివరికి అతడు ఒక పచ్చికబయలుకు చేరతాడు. అక్కడ అతని చెట్టు నిజంగా నిలబడి ఉంటుంది. అది తన గొప్ప కాదనీ, తనకు ఇవ్వబడినదనీ చేతులు చాచి ఒప్పుకుంటాడు. దగ్గరికి వెళ్లి చూస్తే, ఆ ఆకులలో అతి చక్కనివి పారిష్‌తో కలిసి చేసినవని తెలుస్తుంది! పనికి అడ్డువచ్చిన మనిషికి పనిలో వాటా ఉందన్నమాట. కథలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన ఇళ్లలో ఈ అడ్డంకులు అందరికీ సమానంగా రావు. భర్త వ్రాసుకుంటుంటే పిల్లలను "నాన్నగారు పనిలో ఉన్నారు, గొడవ చేయకండి" అంటాం. భార్య వ్రాసుకుంటుంటే అలా అనేవారు ఎందరు? టోల్కీన్ భార్య ఈడిత్ పియానో చక్కగా వాయించేవారు. ఆ వరం చాలా వరకు ఇంటి గోడల మధ్యనే ఉండిపోయింది. ఓర్పును గురించిన పాఠం భార్యకు మాత్రమే చెప్పి, సాయంత్రం చంటివాణ్ణి గంటసేపు ఎత్తుకొనే పని భర్తకు చెప్పకపోతే అది కృతజ్ఞత కాదు, అన్యాయం. దేవునికి స్తోత్రాలు చెప్పి, అన్నం వండిన చేతికి ఒక్క మంచిమాట చెప్పనివారు మనలో లేరా?

లూకా సువార్త 17వ అధ్యాయంలోని పదిమంది కుష్ఠరోగులను తలచుకోండి. పదిమందీ యేసునాధుడు చెప్పినట్టే యాజకుల వద్దకు బయలుదేరారు. దారిలో స్వస్థత పొందారు. తొమ్మిదిమంది నడక సాగించారు. వారు చేసింది చెప్పిన పనే! ఒక సమరీయుడు మాత్రం మధ్యలో ఆగి, వెనుదిరిగి వచ్చాడు. అంటే కృతజ్ఞత చెప్పడమే ప్రయాణంలో ఒక అంతరాయం. మనం ఆదివారం దివ్యబలిపూజకు వచ్చేదీ వారం పనిని ఆపుకొనే గదా. 'యూకరిస్తు' అన్న గ్రీకు మాటకు అర్థం కృతజ్ఞతా వందనమే.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో, జపమాలకు ముందు, ఇంటిల్లిపాదీ ఒక్కొక్క మాట చెప్పండి. ఈరోజు నా పని మధ్యలో నన్ను పిలిచింది ఎవరు? ఆ పిలుపు వల్ల నేను చూసినది, లేకుంటే చూడకపోయేది, ఏమిటి? పిల్లలతో మొదలుపెట్టండి, వాళ్లు జంకకుండా చెబుతారు. తరువాత ఇంటాయన చెప్పాలి, ఇల్లాలి వంతు వచ్చేసరికి ఎవరూ లేచి వెళ్లకూడదు.