ఎరువు వస్తువులు - ఇచ్చి పుచ్చుకొను మర్యాద

నాయకరాజుల కాలమునుండి మధురలోను, కోయంబత్తూరు సీమలోను తెలుగు కుటుంబములు స్థిరపడియున్నవి. ఇంట తెలుగు, అంగడిలో తమిళము మాట్లాడు ఈ కుటుంబములవారికి ఒక మాట రెండు భాషలలోను పరిచితమే. తెలుగువారు 'ఎరువు' అన్నదానిని తమిళులు 'ఇరవల్' అందురు.

తెలుగున అప్పు, బదులు, ఎరువు అని మూడు మాటలున్నవి. అప్పు రూకలకు చెల్లును. బదులు తెచ్చిన బియ్యము వండుకొని, అదే కొలతకు వేరు బియ్యము ఇత్తుము. ఎరువు అట్లు గాదు. తీసికొనిన వస్తువునే, ఉన్నది ఉన్నట్లు తిరిగి ఇయ్యవలెను. అప్పునకు చిట్టాలో పద్దు ఉండును. ఎరువునకు పద్దు లేదు, గడువు లేదు. తగవులు పుట్టుటకు కారణమిదియే. ఎరువుసొమ్ము బరువుచేటు అని పెద్దలు ఊరక అనలేదు.

ఒక జవుళి అంగడిలో ఇద్దరు గుమాస్తాలున్నారనుకొందము. ఒకరికి సైకిలున్నది. రెండవవారు "అన్నా, పది నిమిషములలో తెచ్చెదను" అని అడుగుదురు. మొదటి దినము సంతోషముతో, మరునాడు మొగమాటముతో, పదవనాడు లోలోపల సణుగుకొనుచు ఇత్తురు. ఒకనాడు బిడ్డకు జ్వరమని ఇంటినుండి కబురు వచ్చును, సైకిలుండదు. కొనవచ్చినవారి ఎదుటనే నోరు జారును. సాయంత్రమునకు సైకిలు తిరిగి వచ్చును గాని స్నేహము రాదు. తప్పు అడిగినవారిది మాత్రమే కాదు. రెండవనాడే ఉన్నమాట చెప్పనివారిది కూడ.

ఇయ్యనిదానిని తీసికొనుట చౌర్యమని ఉమాస్వామి తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయమున తెలిపెను. తోటివారి బల్లమీది కలమును అడుగక తీయుట దీనికెంత దగ్గరయో యోచింపవలెను. మొగమాటపెట్టి తీసికొనినది నోట ఇచ్చినదే గాని మనసార ఇచ్చినది కాదు. మధురకు చేరువనున్న అళగర్‌మలై గుహలోని ప్రాచీన తమిళ బ్రాహ్మీ శాసనములలో ఉప్పు వర్తకుడు, బట్టల వర్తకుడు మొదలగు దాతల పేర్లు చెక్కబడియున్నవి. ఇచ్చుట యనగా అట్లు తేటగా ఉండవలెను.

లేదనుట ధర్మమగు చోటును గలదు. గొడ్డలి, కత్తి, నిప్పు, విషము వంటి హింసాసాధనములను ఇతరులకిచ్చుట అనర్థదండమని సమంతభద్రాచార్యులు రత్నకరండ శ్రావకాచారమున చెప్పిరి. కావున అడిగినదెల్ల ఇచ్చుటయే ఔదార్యమని భ్రమపడరాదు.

ఏది ఇయ్యగలమో, ఏది ఇయ్యలేమో ముందే నిశ్చయించుకొనవలెను. గొడుగు, పుస్తకము ఇయ్యవచ్చును. కంటియద్దములు, పెట్టె తాళపుచెవి, ఒంటి తువాలు ఇయ్యకున్న తప్పులేదు. నేటి సెల్‌ఫోనులో బ్యాంకు ఖాతాయే ఉన్నది గనుక దానిని చేయి దాటనీయరాదు. ఇచ్చునప్పుడు "సాయంత్రము దీపాలవేళకు నాకు కావలెను" అని గడువు చెప్పవలెను. ఇయ్యలేనప్పుడు "చెడిపోయినది" అని బొంకిన సత్యవ్రతము చెడును. "ఇది నాకు నిత్యము కావలసినది, ఇయ్యలేను. పని చెప్పిన నేనే చేసిపెట్టెదను" అనిన మాట మెత్తగను ఉండును, నిజముగను ఉండును.

వర్తకులు మరియొకటి గమనింపవలెను. తోటివారు అడిగిన గుమాస్తా లేదనగలడు. యజమాని అడిగిన అనలేడు. కావున యజమాని అడుగకుండుటయే మర్యాద.

సంవత్సరమునకొకసారి అందరిని క్షమాపణ కోరుచున్నాము. ఆ దినమునకు ముందే ఇల్లు వెదకి, ఇతరుల గొడుగో పుస్తకమో ఉన్నచో తిరిగి ఇచ్చిన పిదప క్షమాపణ కోరుట మేలు.