రేడియేటరులోని నీరెక్కడికి పోయినది?

విద్యార్థులారా! గణితములోని తొట్టి లెక్కలు మీకు క్రొత్తవి కావు. ఒక గొట్టము తొట్టిని నింపుచుండును. అడుగుననున్న మఱియొక గొట్టము దానిని ఖాళీ చేయుచుండును. తొట్టి యెంతసేపటికి నిండునని ప్రశ్న. ఆ లెక్కలలో నీరు పోవు గొట్టమెక్కడ నున్నదో ముందుగనే చెప్పియుందురు. గడచిన సంవత్సరము మన వసతిగృహపు లారీ మాకొక తొట్టి లెక్క నిచ్చినది. అందులో నీరు పోవుచున్నదని మాత్రమే తెలిసినది గాని పోవు త్రోవ తెలియలేదు.

ఈ లారీ మీలో ననేకులకంటె వయస్సున పెద్దది. నంద్యాలలో బియ్యపు బస్తాల నెత్తుకొని, నల్లమల ఘాటు దాటి, గిద్దలూరు వైపు దిగి వచ్చును. ఒక పర్యాయము ఘాటు మీద నుష్ణమాపకపు ముల్లు ఎఱ్ఱగీతను దాటెను. అడవిలో నిలిపి, ఇంజను చల్లాఱిన పిమ్మట బయలుదేఱి చీకటిపడినంతట ఇల్లు చేరిరి. ఆ రాత్రి వసతిగృహమున భోజనమెంత యాలస్యమైనదో మీలో కొందఱికి జ్ఞాపకముండవచ్చును. అదిమొదలు ప్రతి యుదయమును రేడియేటరులో నీరు తక్కువగా కనబడుచుండెను. డ్రైవరుగారు క్లీనరు పిల్లవానిమీద మండిపడిరి. “ఒరే, పోయకుండానే పోశానంటున్నావు” అని వారు, “రోజూ మూతిదాకా పోస్తున్నానండీ” అని వాడు. వాడు మన పాఠశాలలో పదవ తరగతి చదివినవాడే. తండ్రి లేడు, వాని జీతమే ఇంటికాధారము. పట్టణములోని మెకానిక్కు ఇంజను ప్రక్కన తెల్లని మరకలు చూచి, హెడ్డు గాస్కెట్టు పోయినదనియు, ఇంజను పైభాగమంతయు విప్పవలెననియు చెప్పెను. పిల్లవానిని మాన్పించుటయో, ఇంజను విప్పించుటయో, రెండింటిలో నొకటి తప్పదనుకొనుచుండగా కరస్పాండెంటుగారు నన్ను పిలిచి, “మాస్టారూ, విప్పకముందు మీరొకసారి చూడండి” అనిరి. నేను భౌతికశాస్త్రము బోధించువాడనే గాని యంత్రములు బాగుచేయువాడను కాను.

ముందు యంత్రపు నిర్మాణమును కొంచెము తెలిసికొందము. ఇంజను లోపల మండు ఇంధనపు వేడిమి కొంత బండిని నడుపును; కొంత పొగతో వెడలిపోవును; ఇంకొక భాగమును నీరు తీసికొనవలెను. వాటరుపంపు నీటిని ఇంజను గోడల చుట్టును త్రిప్పును. వేడెక్కిన నీరు రేడియేటరులోని సన్నని గొట్టములగుండ దిగుచు, ఫ్యాను లాగు గాలికి చల్లాఱి తిరిగి ఇంజనును చేరును. రేడియేటరు మూత మామూలు మూత కాదు. అది నీటిని ఒత్తిడిలో నుంచును. వాతావరణపీడనముకంటె ఒక బారు ఒత్తిడి అధికమైనచో నీరు 100 డిగ్రీలకు బదులుగా సుమారు 120 డిగ్రీలయొద్ద మరుగును. కావుననే వేడి ఇంజను మూతను విప్పరాదు. విప్పిన మరుక్షణమే ఒత్తిడి పోయి, లోపలి నీరు ఆవిరియై ముఖముమీదికి ఎగజిమ్మును. ఈ మాట డ్రైవర్ల బిడ్డలు ఇంటిలో వినియే యుందురు, తక్కినవారును గుర్తుంచుకొనుడు.

మొదట నేనడిగినది పిల్లవాని మాటను గూర్చియే. మూతివఱకు పోయుచున్నానన్నాడు గదా! మా లారీలో ఇరువది లీటర్ల నీరు పట్టును. 30 డిగ్రీల నీరు 90 డిగ్రీలకు వేడెక్కినపుడు నూటికి మూడు పాళ్లు వ్యాకోచించును. ఇరువది లీటర్లలో ఆఱువందల మిల్లీలీటర్లు పెరుగునన్నమాట. మూతివఱకు నింపినచో ఆ పెరిగిన నీటికి చోటేది? క్రొత్త బండ్లలో ఆ నీటిని పట్టి యుంచుటకు వేఱుగా నొక డబ్బా యుండును. మా పాత లారీలో లేదు. పొర్లుగొట్టముగుండ నీరు రోడ్డు పాలగును. సాయంత్రము ఇంజను చల్లాఱగనే నీరు సంకోచించి తక్కువగా కనబడును. పిల్లవాడు పోసినమాట నిజము. ఉదయమున నీరు తక్కువగా నున్నదన్న డ్రైవరుగారి మాటయు నిజమే. ఎనిమిదవ తరగతి పాఠమును ఇద్దఱును ఎక్కడనో మఱచిరి. నేనును ఆ పాఠమును ఎన్నియో యేండ్లు చెప్పియు ఆ దినమువఱకు దానిని రేడియేటరులో చూడలేదు.

అయినను అంతటితో లెక్క తెగలేదు. ఒక ఇనుపతీగను వంచి రేడియేటరు మూతికి తగిలించి, దాని కొనను నీరు తాకువఱకు మాత్రమే పోయవలెనని నిర్ణయించితిమి. ప్రతి యుదయమును, ఇంజను త్రిప్పకముందే, ప్రయోగశాలలోని కొలజాడీతో నీరు కొలిచి పోయుట, పోసిన పరిమాణమును, బండి నడచిన కిలోమీటర్లను నోటుపుస్తకములో వ్రాయుట క్లీనరు పని. చల్లని ఇంజనును చల్లని ఇంజనుతోనే పోల్చవలెను. సాయంత్రపు వేడి నీటిమట్టమును ఉదయపు మట్టముతో పోల్చుట తప్పుడు తక్కెడతో తూచుటవంటిది.

తీగ పెట్టినది మొదలు దినమునకు సుమారు ఎనిమిదివందల మిల్లీలీటర్ల లోటు రెండువందలకు దిగెను. ఈ రెండువందలే అసలు దొంగ. పుస్తకమును ముందుంచుకొని చూచితిమి. ఘాటు ఎక్కి వచ్చిన నాడు 230. బజారువఱకు పోయి వచ్చిన నాడు 200. బండి కదలనే కదలని ఆదివారమునకు సోమవారము ఉదయమున 210. ఇంజను నడచినను నడువకున్నను లోటు ఇంచుమించు ఒక్కటే! గాస్కెట్టు దెబ్బతిని నీరు సిలిండరులో పడి ఆవిరియైపోవుచున్నచో నడచిన దినమున లోటు హెచ్చుగా నుండవలదా? ఆదివారము బండి ప్రార్థనామందిరము ప్రక్క చెట్టునీడను నిలిచియుండెను. ఆ నీటిని ఏ మంటయు త్రాగలేదు.

అయినను లోపలి కారుదల లేదని నిశ్చయించుకొనక తప్పదు. ఏలననగా, నిలిచియున్న ఇంజనులో కూడ నీరు నూనె చాంబరులోనికి దిగవచ్చును. అట్లు దిగినచో బేరింగులు పాడగును. నూనెకంటె నీరు బరువైనది. కావున ఒక రాత్రియంతయు బండిని కదల్పక యుంచి, తెల్లవాఱగనే చాంబరు అడుగున నున్న బోల్టును కొంచెము వదులు చేసితిమి. నీరున్నచో ముందు నీరే రావలెను. నల్లని నూనెయే వచ్చెను. తరువాత ఇంజనును త్రిప్పుచు రేడియేటరులో బుడగలు వచ్చునేమో చూచితిమి, రాలేదు. అప్పటికి నాకు కొంత ధైర్యము కలిగెను.

ఇఁక వెలుపలి కారుదల. కాని బండి క్రింద నేలపై తడి లేదు. ఇది మమ్ము చాల తికమక పెట్టెను. ఇరువది నీటిబొట్లు ఒక మిల్లీలీటరనుకొందము. ఇరువది సెకనులకొక బొట్టు రాలినచో దినమునకు 4320 బొట్లు, అనగా 216 మిల్లీలీటర్లు. మా లోటంతయు ఆ యొక్క బొట్టులో నున్నది. అంత మెల్లగా రాలు బొట్టును ఇంజనుపైని నూనె, దుమ్ము పీల్చుకొనును. వేడిలోహము ఆవిరి చేయును. నేలవఱకు ఏమి మిగులును?

ఆ పిమ్మట ఇంజనును కడిగి, గుడ్డలతో తుడిచి ఆఱబెట్టితిమి. పాత బోరునీటిని వదలివేసి, సగము బట్టీపట్టిన నీరును, సగము ఆకుపచ్చని కూలెంటును కలిపి పోసితిమి. (ఈ కూలెంటు తియ్యగా నుండును, కాని విషము. కుక్కలు నాకి చచ్చును. గిన్నెలలో విడువరాదు.) తరగతిగదులలో మిగిలిన సుద్దముక్కలను నూరి, నీటిలో కలిపి, కుంచెతో ప్రతి యతుకుమీదను, హోసుపైపుల క్లిప్పులమీదను, పంపు చుట్టును, హెడ్డు అంచు పొడవునను పలుచగా పూసితిమి. మధ్యాహ్నము ఇంజనును నడిపి చూడగా ఎక్కడను మచ్చ లేదు. పిల్లవాడు నిరాశపడెను. చల్లాఱనిమ్మని చెప్పితిని. ఇనుమును రబ్బరును వేడికి వ్యాకోచించి బిగియును. చల్లాఱినపుడు సంకోచించి సందిచ్చును. అందుచే కొన్ని కారుదలలు చల్లని వేళనే బయటపడును.

మఱునాడు తెల్లవాఱుజామున వాడే పరుగెత్తుకొని వచ్చి నన్ను లేపెను. టార్చిలైటు వెలుగులో చూచితిని. తెల్లని సుద్దపై పంపు క్రిందుగా దారమువలె సన్నని ఆకుపచ్చని గీత! హెడ్డు అంచున సుద్ద పూసినట్లే తెల్లగా నుండెను.

వాటరుపంపు అడుగున చిన్న రంధ్ర మొకటి యుండును. దానిని తయారుచేసినవారే బుద్ధిపూర్వకముగా విడిచిరి. పంపు ఇరుసు చుట్టును నీటిని ఆపు సీలు అరిగినపుడు, నీరు బేరింగులోనికి పోక ఈ రంధ్రముగుండ బయటికి వచ్చి హెచ్చరించును. ఎఱుగనివారు కొందఱు దీనినే మైనముతో మూయుదురు. హెచ్చరించువాని నోరు మూయుటయే యగును. మా పంపు రంధ్రము దుమ్ముతోను, నూనెతోను సగము పూడిపోయియుండెను. ఫ్యానును పట్టి ఊపగా ఇరుసు కదలెను. హెడ్డు ప్రక్కనున్న మరకల కథయు ఇప్పుడు తేటపడెను. బండి నడచుచుండగా ఫ్యాను గాలి పంపు బొట్లను వెనుకకు చిమ్మి హెడ్డు క్రింద అంటించెను. బోరునీటిలోని సున్నము అచ్చట తెల్లగా మిగిలెను. మరక యున్నచోటనే రంధ్రమున్నదని మెకానిక్కు తలంచుట సహజమే.

కారుదలకు పసుపుపొడి మొదలగు దినుసులు రేడియేటరులో వేయు వాడుక కలదు. అడవిలో చిక్కినపుడు ఇల్లు చేరుటకు పనికివచ్చునేమో గాని, సన్నని గొట్టములను కూడ పూడ్చునని నేనందుకు సమ్మతింపలేదు. పంపు సీలును, బేరింగును మార్పించితిమి. రేడియేటరు విప్పి చూడగా గొట్టములలో సున్నము గట్టిగా పేరుకొనియుండెను. ఘాటుమీద ముల్లు పైకి పోవుటకు అదియే పెద్ద కారణము. దానిని శుభ్రము చేయించిన పిమ్మట బోరునీరు పోయుట మానితిమి. ఇంజను విప్పుటకు మెకానిక్కు చెప్పిన మొత్తములో ఇదంతయు చిన్న భాగమునకే తీరెను.

డ్రైవరుగారు పిల్లవానితో ఏమియు ననలేదు. మఱునాడు ఘాటు దిగి వచ్చినపుడు దారిలో వానికి టీ యిప్పించి, నోటుపుస్తకమడిగి తీసికొని, ఆనాటి కిలోమీటర్లను తామే వ్రాసిరి. దానిప్రక్కను, నీరు పోసిన గడిలో, సున్న యున్నది.