వైరస్ పోయింది, కంప్యూటరు లేవడం లేదు

కంప్యూటరుకి కూడా జబ్బు చేస్తుంది. ఆ జబ్బు పేరు వైరస్. మనుషులకు వచ్చే వైరస్ వేరు, ఇది వేరు. ఇది మనిషి రాసిన రాత. కంప్యూటరు తనంతట తాను ఏ పనీ చెయ్యదు. "ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి" అని ఎవరో రాసి పెట్టాలి. ఆ రాతను ప్రోగ్రాము అంటారు. లెక్కలు వెయ్యడానికి రాస్తే అది మంచి ప్రోగ్రాము. దొంగతనానికో, పాడు చెయ్యడానికో రాస్తే అది వైరస్. ఇలాంటి చెడ్డ ప్రోగ్రాములన్నిటినీ కలిపి మాల్‌వేర్ అంటారు.

వైరస్ ఎట్లా వస్తుంది? ఎక్కడెక్కడో తిరిగి వచ్చిన పెన్‌డ్రైవ్‌తో వస్తుంది. తెలియని ఈ-మెయిల్‌తో వచ్చిన ఫైలు తెరిస్తే వస్తుంది. డబ్బు కట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌ను దొంగదారిన దించుకుంటే, దానితో పాటు వస్తుంది.

దాన్ని పట్టుకోవడానికి ఒక కావలివాడు ఉంటాడు. వాడి పేరు యాంటీవైరస్. వాడూ ఒక ప్రోగ్రామే. దొంగ దొరకగానే వాడు చాలాసార్లు బయటికి పారెయ్యడు. వేరే గదిలో పెట్టి తాళం వేస్తాడు. ఆ గది పేరు క్వారంటైన్. 2020లో కరోనా వచ్చినప్పుడు ఈ మాట ప్రతి ఊళ్లోనూ విన్నారు. ఇక్కడా అర్థం అదే.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఒక్కోసారి వైరస్‌ను తీసేశాక కంప్యూటరే లేవదు. జ్వరం తగ్గింది గానీ మనిషి మంచం దిగలేదు అన్నట్టు ఉంటుంది.

ఒక మండల సమాఖ్య ఆఫీసులో ఇట్లాగే జరిగిందనుకోండి. అక్కడ సంఘాల పొదుపు, అప్పులు, వాయిదాలు అన్నీ ఒకే కంప్యూటరులో ఉన్నాయి. పద్దులు రాసే అమ్మాయి జిరాక్సు షాపుకి తీసుకుపోయిన పెన్‌డ్రైవ్‌ను తెచ్చి మళ్లీ కంప్యూటరుకి పెట్టింది. తెర మీద ఎర్రగా ఒక హెచ్చరిక వచ్చింది. వైరస్ ఉంది, తీసెయ్యాలా అని అడిగింది. అమ్మాయి తీసెయ్యమని నొక్కింది. ఆమె చేసింది సరైన పనే. సాయంత్రం కంప్యూటరు ఆపి ఇంటికి పోయింది.

తెల్లారి స్విచ్చి వేస్తే విండోస్ గుర్తు వచ్చింది. దాని కింద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. తర్వాత తెర నల్లబడింది. మళ్లీ మొదటి నుంచి గుర్తు, చుక్కలు, నలుపు. మర్నాడే బ్యాంకుకి వాయిదాల లిస్టు ఇవ్వాలి.

టౌను నుంచి రిపేరు కుర్రవాడు వచ్చాడు. నిలబడే చూసి చెప్పేశాడు.

"ఫార్మాట్ కొట్టేద్దామమ్మా. గంటలో అయిపోద్ది."

సమాఖ్య అధ్యక్షురాలు అక్కడే ఉంది. పెద్దయ్యాక రాత్రి బడిలో చదువు నేర్చుకున్న మనిషి. సంతకం పెట్టే ముందు ప్రతి కాగితం చదువుతుంది. చదివిందాకా ఎంత సేపైనా ఎదురు చూడాల్సిందే.

"ఫార్మాట్ అంటే ఏంటి బాబూ?" అని అడిగింది.

"లోపలున్నదంతా తుడిచి, విండోస్ కొత్తగా ఎక్కిస్తాం."

"అంతా అంటే? మా పద్దులు కూడానా?"

కుర్రవాడు ఆగాడు. "పద్దులు ఇంకోచోట కాపీ పెట్టుకోలేదామ్మా?"

పద్దులు రాసే అమ్మాయి తల దించుకుంది. "రెండు నెలల కిందటిది ఉందక్కా. తర్వాత తియ్యలేదు."

"అయితే ముందు పద్దులు బయటికి తియ్యి బాబూ. తుడవడం సంగతి తర్వాత చూద్దాం" అంది అధ్యక్షురాలు.

అడగాల్సిన మొదటి మాట ఇదే. ఎందుకంటే కంప్యూటరులో రెండు రకాల సామాను ఉంటుంది. ఒకటి దాని సొంతం. అది లేవడానికి, నడవడానికి కావలసినవి. దీన్ని విండోస్ అంటాం. రెండోది మనది. మన పద్దులు, ఫోటోలు, ఉత్తరాలు. ఇంటి తలుపు బిగుసుకుపోయిందనుకోండి. లోపల ట్రంకు పెట్టె పాడైనట్టు కాదు గదా. విండోస్ లేవకపోయినా చాలాసార్లు పద్దులు లోపల పదిలంగానే ఉంటాయి.

కుర్రవాడు ఊరికే విసుక్కోలేదు. అతని దగ్గర దారి ఉంది. ఉబుంటు అనే ఉచిత ప్రోగ్రామును ఒక పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి తెచ్చుకున్నాడు. ఆ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటరును లేపాడు. అట్లా లేపితే లోపలి విండోస్‌తో పని ఉండదు. పద్దుల ఫోల్డరు కనబడింది. కొత్తగా కొన్న డిస్కులోకి దాన్ని కాపీ చేశాడు. పద్దులు, కాగితాలు మాత్రమే తీశాడు. ప్రోగ్రాములు తియ్యలేదు. వాటిలో వైరస్ ఇంకా దాగి ఉండొచ్చు. కాపీ చేసినవాటిని కూడా వేరే కంప్యూటరులో యాంటీవైరస్‌తో చూసిన తర్వాతే తెరిచారు.

ఒక రకం వైరస్‌కి మాత్రం ఈ దారి పనికిరాదు. అది పద్దులకే తాళం వేస్తుంది. తాళం తియ్యాలంటే డబ్బు ఇమ్మంటుంది. దాన్ని రాన్సమ్‌వేర్ అంటారు. 2017 మే నెలలో వాన్నక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా తిరిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లకు కూడా కొన్నింటికి తగిలింది. అట్లాంటిది పట్టినప్పుడు, అంతకు ముందే వేరే చోట దాచుకున్న కాపీ ఒక్కటే గట్టి దిక్కు.

సరే, వైరస్ పోయాక కంప్యూటరు ఎందుకు లేవదు?

చెదలు పట్టిన దూలం సంగతి అందరికీ తెలుసు. చెదలు పోవాలని దూలాన్నే లాగేస్తే కప్పు దిగబడుతుంది. కొన్ని వైరస్‌లు విండోస్‌కి అవసరమైన ఫైలులోకే దూరి కూర్చుంటాయి. యాంటీవైరస్ వైరస్‌తో పాటు ఆ ఫైలునూ తీసేస్తుంది. విండోస్ లేచేటప్పుడు ఆ ఫైలు కోసం వెతుకుతుంది. దొరకదు. ఆగిపోతుంది.

ఇంకో రకం ఉంది. కొంచెం చిత్రమైనది. విండోస్ లోపల ఒక పెద్ద రిజిస్టరు ఉంటుంది. ఎవరెవరిని ఏ వేళకు పిలవాలో అందులో రాసి ఉంటుంది. మనం పాస్‌వర్డు కొట్టగానే ఒక ప్రోగ్రాము వచ్చి తెరను సిద్ధం చెయ్యాలి. దాని పేరు యూజర్‌ఇనిట్. వైరస్ ఏం చేస్తుందంటే, రిజిస్టరులో ఆ పేరు మార్చి తన పేరు రాసుకుంటుంది. తర్వాత యాంటీవైరస్ వైరస్‌ను తీసేసింది. రిజిస్టరులో పేరు మాత్రం దిద్దలేదు. విండోస్ ఆ పేరుతో పిలుస్తుంది. పలికేవాళ్లు లేరు. దాంతో పాస్‌వర్డు కొట్టగానే లోపలికి పోయినట్టే పోయి, మళ్లీ పాస్‌వర్డు అడిగే చోటికే వచ్చి పడుతుంది. పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఈ బాధ చాలామంది పడ్డారు. రిజిస్టరులో ఒక్క పేరు దిద్దితే కుదిరే జబ్బు అది. తెలియక ఫార్మాట్ చేయించుకుని ఫోటోలు, కాగితాలు పోగొట్టుకోవడం అన్యాయం గదా.

మూడోది కావలివాడి పొరపాటు. ఇంటివాడినే దొంగ అనుకుని పట్టుకోవడం. 2010 ఏప్రిల్ 21న ఇదే జరిగింది. మెకాఫీ అనేది పేరున్న అమెరికా యాంటీవైరస్ కంపెనీ. కొత్త వైరస్‌ల గుర్తులు తెలపడానికి ఆ రోజు ఒక సవరణ పంపింది. అందులో తప్పు దొర్లింది. విండోస్ ఎక్స్‌పీలో ఎస్‌వీసీహోస్ట్ అనే ఫైలు ఉంటుంది. అది లేకపోతే విండోస్ సరిగా నడవదు. యాంటీవైరస్ దాన్నే వైరస్ అనుకుని పట్టేసింది. కంప్యూటర్లు ఆగి లేవడం, మళ్లీ ఆగడం మొదలైంది. అమెరికాలో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో కొన్ని ఆసుపత్రులు అత్యవసరం కాని రోగులను చూడలేకపోయాయి. ఆస్ట్రేలియాలో కోల్స్ అనే దుకాణాలు కొన్ని మూతపడ్డాయి. ఆ కంప్యూటర్లకు ఇంటర్నెట్ కూడా అందడం లేదు. అందుకని దిద్దిన సవరణను దూరం నుంచి పంపే వీలు లేకపోయింది. మనిషి ప్రతి కంప్యూటరు దగ్గరకూ పోయి, ఆ ఫైలును మళ్లీ దాని చోట పెట్టాల్సి వచ్చింది.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే మరో కావలి ప్రోగ్రాము వల్ల కూడా కంప్యూటర్లు లేవలేదు. అక్కడ దేన్నీ తీసెయ్యలేదు. పంపిన సవరణ ఫైలులోనే తప్పు ఉంది. దాదాపు 85 లక్షల కంప్యూటర్లు నీలం తెరతో నిలిచిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు.

మళ్లీ సమాఖ్య ఆఫీసుకి వద్దాం. పద్దులు బయటికి వచ్చాయి. ఇప్పుడు తొందర లేదు. కుర్రవాడు నెమ్మదిగా పని మొదలుపెట్టాడు. అధ్యక్షురాలు, అమ్మాయి పక్కన కూర్చున్నారు.

ముందు ఎక్కడ ఆగుతోందో చూశాడు. దీన్ని బట్టే జబ్బు తెలుస్తుంది. లైటే వెలగకపోతే అది కరెంటు సంగతి, వైరస్‌కి సంబంధం లేదు. లైటు వెలిగి, డిస్కు దొరకలేదని తెర మీద వస్తే, పెట్టి ఉన్న పెన్‌డ్రైవ్ తీసి చూడాలి. కొన్నిసార్లు కంప్యూటరు ఆ పెన్‌డ్రైవ్‌లోనే విండోస్ కోసం వెతుకుతూ ఉంటుంది. ఇక్కడ విండోస్ గుర్తు వచ్చి ఆగింది. అంటే డిస్కు చదువుతోంది. విండోస్ ఫైళ్లలోనే ఏదో లోపం. తెర మీద వచ్చిన ఇంగ్లీషు మాటలను అమ్మాయి సెల్‌ఫోనుతో ఫోటో తీసింది. ఇది మంచి అలవాటు. ఇంగ్లీషు రాకపోయినా ఫర్వాలేదు. ఆ ఫోటో చూస్తే తెలిసినవాళ్లు చెప్పగలరు.

విండోస్ 10, 11 వరసగా రెండు మూడు సార్లు లేవలేకపోతే, తమంతట తామే ఒక వైద్యం తెర చూపిస్తాయి. అందులో ట్రబుల్‌షూట్ అనే మాట ఉంటుంది. దాన్ని నొక్కితే మరికొన్ని దారులు కనబడతాయి. కుర్రవాడు మొదట స్టార్టప్ రిపేర్ నొక్కాడు. అది కాసేపు వెతికి, తన వల్ల కాలేదంది. తర్వాత సిస్టమ్ రీస్టోర్ చూశాడు. ఇది విండోస్‌ను పాత తేదీ నాటి స్థితికి తీసుకుపోతుంది. మన కాగితాల జోలికి పోదు. కానీ ఈ వసతిని ముందే ఆన్ చేసి ఉంచాలి. ఈ కంప్యూటరులో ఎవరూ ఆన్ చెయ్యలేదు.

మూడోది సేఫ్ మోడ్. కర్ఫ్యూ రోజు ఊరు ఎట్లా ఉంటుంది? ఆసుపత్రి, మందుల షాపు తప్ప మిగతావి మూసి ఉంటాయి. సేఫ్ మోడ్ అట్లాంటిదే. మరీ అవసరమైన ప్రోగ్రాములతోనే విండోస్ లేస్తుంది. కుర్రవాడు స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి పోయి 4 అంకె నొక్కాడు. తెర వెలిగింది. మూలల్లో సేఫ్ మోడ్ అని రాసి ఉంది. అమ్మాయి ఊపిరి పీల్చుకుంది.

"క్వారంటైన్ నుంచి ఆ ఫైలు వెనక్కి తెచ్చేస్తే సరిపోదా తమ్ముడూ?" అని అడిగింది అధ్యక్షురాలు. అప్పటికే ఆమెకు దారి పట్టుబడింది.

"కావలివాడు పొరపాటున పట్టుకుంటే తేవచ్చమ్మా. ఇక్కడ నిజంగానే వైరస్ ఉంది. తెస్తే దాన్ని మళ్లీ ఇంట్లోకి పిలిచినట్టే."

అందుకని వేరే పని చేశాడు. విండోస్‌లోనే సిస్టమ్ ఫైల్ చెకర్ అనే పనిముట్టు ఉంది. అది విండోస్ ఫైళ్లన్నిటినీ ఒక్కొక్కటిగా చూస్తుంది. పోయిన చోట, చెడిన చోట మంచి ఫైలు పెడుతుంది. దానికి కొంత సేపు పట్టింది. అందరూ టీ తాగి వచ్చారు. పాడైన ఫైళ్లు దొరికాయి, బాగు చేశాం అని తెర మీద వచ్చింది. కంప్యూటరును ఆపి మళ్లీ వేశారు. గుర్తు వచ్చింది. చుక్కలు తిరిగాయి. పాస్‌వర్డు అడిగింది.

లేచిన తర్వాత కూడా పని మిగిలే ఉంది. యాంటీవైరస్‌తో మొత్తం ఇంకోసారి వెతికించారు. పెన్‌డ్రైవ్‌ను కూడా వదలలేదు. పాస్‌వర్డులన్నీ మార్చారు. వైరస్ ఉన్న రోజున కొట్టిన పాస్‌వర్డు ఎవరి చేతికైనా పోయి ఉండొచ్చు.

ఇవేవీ పని చెయ్యకపోతే రీసెట్ అనే దారి ఉంది. అందులో రెండు మాటలు కనబడతాయి. కీప్ మై ఫైల్స్ అంటే మన ఫైళ్లు ఉంచుతుంది. రిమూవ్ ఎవ్రీథింగ్ అంటే అన్నీ తుడిచేస్తుంది. ఈ రెండో మాటను గుర్తుపట్టడం నేర్చుకోవాలి. మొదటిది నొక్కినా టాలీ లాంటి ప్రోగ్రాములు పోతాయి. మళ్లీ ఎక్కించుకోవాలి. డబ్బు కట్టి కొన్న ప్రోగ్రాముల కాగితాలు, నంబర్లు అందుకే దాచుకోవాలి.

కొత్త కంప్యూటర్లలో ఇంకో సంగతి ఉంది. చాలావాటిలో డిస్కుకి బిట్‌లాకర్ అనే తాళం వేసి ఉంటుంది. కంప్యూటరు దొంగల పాలైనా లోపలి పద్దులు చదవలేరు. మంచిదే. కానీ రిపేరు చేసేటప్పుడు అది 48 అంకెల నంబరు అడగొచ్చు. ఆ నంబరు లేకపోతే ఎంత మంచి మెకానిక్కయినా లోపలి పద్దులు తియ్యలేడు. సాధారణంగా ఆ నంబరు మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. కంప్యూటరు బాగున్నప్పుడే చూసి, నోటుబుక్కులో రాసి, బీరువాలో పెట్టాలి. కంప్యూటరులోనే దాస్తే ఏం లాభం? పెట్టె తాళం చెవి పెట్టెలోనే పెట్టి తాళం వేసినట్టు.

విండోస్ 10 వాడేవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. దానికి వచ్చే మామూలు ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంకా అదే ఉంటే, ముందు ఏం చెయ్యాలో తెలిసినవాళ్లను అడగాలి.

పద్దుల కాపీకి రెండు డిస్కులు పెట్టుకుంటే మేలు. ఒక వారం ఒకటి, మరో వారం ఇంకొకటి. కాపీ అవగానే డిస్కు తీసెయ్యాలి. కంప్యూటరుకి తగిలించే ఉంచితే, వైరస్ వచ్చిన రోజు దాంట్లోకి కూడా పోతుంది. ఒక డిస్కు ఆఫీసులో ఉంటే, రెండోది వేరే ఇంట్లో ఉండాలి.