చెవి నరం మీద గడ్డ: అనుభవం చెప్పిన అయిదు మాటలు

1. వినికిడి ఒక్క చెవికే తగ్గితే వయసు మీదికి నెట్టేయకండి. వయసుతో వచ్చే చెవుడు మామూలుగా రెండు చెవులకూ వస్తుంది. నాకు ఫోను కుడి చెవికి పెడితే మాట స్పష్టంగా ఉండేది, ఎడమ చెవికి మారిస్తే గొణుగుడే. తోడుగా ఆ చెవిలో హోరు, చీకట్లో నడిస్తే తూలుడు. ఆడియోగ్రామ్‌లో తేడా కనబడ్డాక, కాంట్రాస్ట్ ఎక్కించి తీసిన ఎమ్మారైతో సంగతి తేలింది: అకూస్టిక్ న్యూరోమా.

2. ఇది క్యాన్సర్ కాదు. అలాగని చిన్నచూపూ వద్దు. మన తూకం నిలిపే నరం పొర మీద పుడుతుంది. వినికిడి నరం, ముఖాన్ని కదిలించే నరం పక్కనే ఉంటాయి. బాగా పెరిగితే మెదడు కాండాన్ని నొక్కుతుంది.

3. హోమియో సంగతి. మాది గుడివాడ వైపు. 1945 నుంచీ హోమియో కళాశాల ఉన్న ఊరు. జలుబు చేసినా, దద్దురు వచ్చినా మా ఇంట్లో ముందు తెరిచేది ఆ తెల్ల మాత్రల సీసానే. కాబట్టి గడ్డ అనగానే చుట్టాలందరూ చెప్పింది అదే: "కోతెందుకు బాబాయ్, మాత్రలతో కరుగుతుంది. ఫలానా ఆయనకి ఆగిపోయింది."

ఆగిపోయి ఉండొచ్చు, కాదనను. ఏ మందూ వాడకపోయినా ఈ గడ్డల్లో చాలా భాగం ఏళ్ల తరబడి పెరగవు. కొన్ని వాటంతటవే కుంచించుకుపోతాయి. పెరిగేవీ చాలావరకు ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లే. అలాంటి జబ్బులో ఏ మాత్రకైనా పేరు రావడం తేలిక. 30సి అంటే నూటికి ఒకటి చొప్పున 30 సార్లు పలచన చేసిన మందు. 12 సార్లు దాటేసరికే అసలు పదార్థం అణువొక్కటి మిగలడం కూడా అనుమానమే. ఆస్ట్రేలియా ఆరోగ్య పరిశోధన మండలి 2015లో అధ్యయనాలను జల్లెడ పట్టి, ఏ జబ్బుకూ హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది. హోమియో డాక్టరు తీరిగ్గా కూర్చోబెట్టి వింటాడు, ఆ మంచితనం నిజమే. గడ్డకు మాత్రం అది మందు కాదు.

4. వైద్యం మూడు దారులు: స్కాన్లతో కనిపెట్టుకుని ఉండడం, గామా నైఫ్ లాంటి రేడియేషన్, ఆపరేషన్. గడ్డ సైజు, మీ వయసు, మిగిలిన వినికిడి చూసి నిర్ణయిస్తారు. పోయిన వినికిడి సాధారణంగా తిరిగిరాదు. హోమియో మాత్రలు వేసుకుంటూ ఉంటే మీ ఇఎన్‌టీ డాక్టరుకు చెప్పండి. "స్కాన్ అక్కర్లేదు" అనే వైద్యుడి దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

5. ఒక చెవి ఉన్నట్టుండి వినపడటం మానేస్తే వారం మాత్రలు వాడి చూద్దామనుకోకండి. ఆ రోజో మర్నాడో ఇఎన్‌టీ దగ్గరికి వెళ్లండి.