అంబర్ చెప్పిన ఆనవాళ్లు – చీకటి సముద్రంలో మహా స్క్విడ్

అత్తరు రాసుకునే ఇళ్లలో, యునానీ మందు వాడే ఇళ్లలో అంబర్ అనే మాట కొత్త కాదు. ఖమీరా గావ్‌జబాన్ అంబరీ డబ్బా మీద ఆ పేరు చదివే ఉంటాం. కానీ అది ఎక్కడ పుడుతుందని అడిగితే మన పిల్లల్లో చెప్పేవారు తక్కువ. అంబర్ చెట్టు బంక కాదు, పూల నూనె కాదు. స్పెర్మ్ తిమింగలం పేగుల్లో తయారయ్యే మైనం లాంటి ముద్ద. అది ఎలా తయారవుతుందో తెలియాలంటే ఆ తిమింగలం ఏం తింటుందో ముందు తెలుసుకోవాలి.

దాని ముఖ్యాహారం స్క్విడ్. మన చేపల రేవుల్లో దిగి ఐసులో ఎగుమతికి వెళ్లే చిన్న స్క్విడ్‌లు చాలామంది చూసినవే. ఒళ్లంతా మెత్తన. నోట్లో మాత్రం చిలక ముక్కు లాంటి గట్టి ముక్కు ఉంటుంది. మిగతాదంతా అరిగినా అది అరగదు. ఆ ముక్కులు పేగును గీరకుండా వాటి చుట్టూ పేరుకునే పదార్థమే అంబర్ అని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అంబర్ ముద్దల లోపల ఆ ముక్కులు దొరుకుతుంటాయి కూడా.

ఇది చదివినప్పుడు మనకు సహాబాల ప్రయాణమొకటి గుర్తుకొస్తుంది. అబూ ఉబైదా (రజి) నాయకత్వంలో వెళ్లిన మూడు వందల మంది తిండి అయిపోయి ఆకులు తిన్నారు. అప్పుడు సముద్రం ఒడ్డుకు వేసిన అంబర్ అనే పెద్ద చేపతో రోజుల తరబడి ఆకలి తీర్చుకున్నారు. దాని పక్కటెముక నిలబెడితే ఒంటె మీది మనిషి కింద నుంచి దాటిపోయాడని జాబిర్ (రజి) ఉల్లేఖనం. అరబ్బీలో ఈనాటికీ స్పెర్మ్ తిమింగలాన్ని అంబర్ పేరుతోనే పిలుస్తారు.

ఈ తిమింగలాలు మన బంగాళాఖాతానికి పరాయివి కావు. శ్రీలంకలోని ట్రింకోమలీ దగ్గర వీటిని చూడటానికి జనం పడవల్లో వెళ్తారు. ఊపిరి బిగబట్టి ఇవి వెయ్యి మీటర్లకు పైగా లోతుకు దిగుతాయి. మన ఓడలరేవు టెర్మినల్‌కు గ్యాసు పంపే సముద్రపు బావుల్లో కొన్ని వందల మీటర్ల నీటి కింద ఉన్నాయి. రెండు వందల మీటర్లు దాటితే వెలుగు మసకబారుతుంది. వెయ్యి దాటితే సూర్యకాంతి అసలే లేదు. ఖుర్ఆన్‌లో సూరె నూర్ 40వ ఆయత్ లోతైన సముద్రపు చీకట్లను ఉపమానంగా చెబుతుంది. దానిలో సైన్సు వెతికేవారున్నారు. అది సత్యాన్ని కాదన్నవారి స్థితిని చెప్పే ఉపమానం, దాన్ని అలా చదవడమే మేలని మా ఉద్దేశం.

ఆ చీకట్లో ఉండేదే మహా స్క్విడ్. 1857లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు స్టీన్‌స్ట్రప్ దానికి ఆర్కిట్యూథిస్ అని పేరు పెట్టాడు. పొడుగు 12 మీటర్ల దాకా ఉంటుంది. కన్ను వ్యాసం 25 సెంటీమీటర్లకు పైనే, అంటే అన్నం పళ్లెమంత! అంత కన్ను ఎందుకు? తిమింగలం వస్తుంటే దారిలోని చిన్న జీవులు మిణుకుమంటాయి. ఆ మెరుపును దూరం నుంచే పసిగట్టడానికని 2012లో కొందరు పరిశోధకులు లెక్కగట్టి చెప్పారు. ఇది చేపల్ని, తోటి స్క్విడ్‌లనూ వేటాడే జంతువే. అయినా తిమింగలం ముందు మాత్రం ఎర. బొమ్మల్లో ఓడల్ని ముంచేది, తిమింగలంతో సమానంగా కుస్తీ పట్టేది మనుషుల ఊహ. తిమింగలాల చర్మం మీద గుండ్రటి మచ్చలు మాత్రం నిజం. అవి స్క్విడ్ చూషకాల పళ్ల గుర్తులు.

పేరు పెట్టి నూటయాభై ఏళ్లు కావస్తున్నా ప్రాణంతో, తన చోట ఉండగా దాన్ని ఎవరూ ఫోటో తీయలేదు. 2004 సెప్టెంబరులో జపాన్ శాస్త్రజ్ఞులు కుబొదెరా, మోరి ఒగసవారా దీవుల దగ్గర 900 మీటర్ల లోతుకు ఎర కట్టిన కెమెరా దించారు. గాలానికి చిక్కిన స్క్విడ్ నాలుగు గంటలకు పైగా పెనుగులాడి, ఒక స్పర్శహస్తం తెంపుకుని పోయింది. ఐదు వందలకు పైగా ఫోటోలు మిగిలాయి. 2012లో వీడియో కూడా దొరికింది.

అంబర్ సంగతిలో కుర్రాళ్లకు ఒక మాట చెప్పాలి. అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా తీరాన తిరిగేవాళ్లకు, ముద్ద దొరికితే కోట్లు వస్తాయని ఆశపెట్టేవాళ్లు తగలొచ్చు. స్పెర్మ్ తిమింగలం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవి. అంబర్ అమ్మడం, కొనడం నేరం, జైలు తప్పదు. అలాంటిదేమైనా కనిపిస్తే అటవీశాఖకు చెప్పాలి. పైగా ఒడ్డుకొచ్చే ముద్దల్లో చాలా వరకు మైనమో, కొవ్వో అవుతుంది.

మహా స్క్విడ్ కంటే బరువైన కొలోసల్ స్క్విడ్ అనే ఇంకొకటి ఉంది. దాన్ని లోకం మొదట గుర్తించింది 1925లో, అదీ ఒక స్పెర్మ్ తిమింగలం పొట్టలో దొరికిన చేతుల ముక్కల వల్ల. సముద్రంలో బతికి ఉండగా దాన్ని కెమెరా పట్టింది సరిగ్గా నూరేళ్లకు, 2025 మార్చిలో, దక్షిణ శాండ్‌విచ్ దీవుల దగ్గర. కనిపించింది పిల్ల, ముప్పై సెంటీమీటర్లది.