మేనాయి వంతెన క్రింద

వేల్సు దేశమునకును ఆంగ్లెసీ దీవికిని నడుమ మేనాయి జలసంధి కలదు. దాని పొడవు సుమారు 25 కిలోమీటర్లు. థామస్ టెల్ఫర్డు అను ఇంజనీరు దానిపై ఇనుప గొలుసులతో వ్రేలాడు వంతెనను నిర్మించెను. అది 1826వ సంవత్సరము జనవరి 30వ తేదీన తెరువబడెను. ఓడల కొయ్యలు తగులకుండుటకై దానిని నీటికి 100 అడుగుల ఎత్తున నిలిపిరి. వంతెనపై నిలిచి చూచువారికి ఆ నీరు ఒకప్పుడు చెరువువలె నిశ్చలముగను, మరికొంతసేపటికి వరదనాటి గోదావరివలె సుడులు తిరుగుచును కనబడును. ఇందులకు కారణమేమి?

సముద్రము సాధారణముగా దినమునకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు తగ్గును. పొంగుటను పోటనియు, తగ్గుటను పాటనియు అందురు. ఈ జలసంధికి రెండు ముఖములున్నవి. పోటునీరు మొదట నైరృతి ముఖమున ప్రవేశించును. దీవిని చుట్టివచ్చిన నీరు కొంత ఆలస్యముగా ఈశాన్య ముఖమున చొచ్చును. రెండు కొనల మట్టములు సమముగా నుండనందున నీరు మెట్టనుండి పల్లమునకు పరుగెత్తును. వంతెన చెంత దారి ఇరుకు, అడుగున రాళ్లు. అందుచే పెద్ద పోటు దినములలో వేగము 8 నాట్లు, అనగా గంటకు సుమారు 15 కిలోమీటర్లు కాగలదు. మట్టములు సమమైనపుడు ప్రవాహము కొలది నిమిషములు నిలిచి, దిక్కు మార్చుకొనును. వింత యేమనగా, నీరింకను పెరుగుచుండగనే ఈ నిలుకడ వచ్చును. కనుక నీటి ఎత్తును మాత్రమే చూచి వేళను నిర్ణయింపరాదు.

1943వ సంవత్సరమున కూస్తో, గాన్యాన్ అను ఫ్రెంచివారు నీటిలో శ్వాసించుటకు అనువైన సాధనమును రూపొందించిరి. అట్టి సాధనములతో నేడు ఈతగాండ్రు ఇచ్చటి ఒడ్డునుండియే నీటిలో దిగుచున్నారు. ప్రవాహము ఆహారమును మోసికొని వచ్చుటచే రాళ్లనిండ స్పంజికలు, సముద్రపుష్పములు, మెత్తని పగడజీవులు పెరుగును. అవి కదలి వేటాడవు. నీరే వాటికి వడ్డించును.

మనుష్యుడు నీటి అడుగున గంటకు రెండు కిలోమీటర్లకు మించి ఎక్కువసేపు ఈదజాలడు. కావున ప్రవాహమున కెదురీదుట వ్యర్థము. ఎరిగినవారు నిలుకడకు సమీపమున, నీరు మందముగా కదలునపుడు, ఎగువన దిగి ప్రవాహముతో తేలిపోయి దిగువన ఒడ్డు చేరుదురు. దిగుటకు ముందే ఎక్కవలసిన చోటును చూచుకొందురు. ఒంటరిగా పోరు. పైన పోవు పడవలకు తెలియునట్లు త్రాటికి కట్టిన తేలుబుడ్డిని వెంట గొనిపోవుదురు. దారి తప్పిన యెడల ఎదురు తిరుగక, అడ్డముగా ఒడ్డువైపునకు ఈదుదురు.

ఈ జాగ్రత్త ఈతగాండ్రకే కాదు, ఓడలకును అవసరమే. 1953వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన, నావికవిద్య నేర్పు కాన్వే అను పెద్ద ఓడను రెండు లాగుడు నౌకలు ఈ ఇరుకుగుండా గొనిపోవుచుండెను. ప్రవాహము వాటి బలమును మించెను. ఓడ ఒడ్డుకు కొట్టుకొనిపోయి రాళ్లపై నిలిచెను. నీరు తగ్గినంతనే దాని నడుము విరిగెను. అది మరల సముద్రమును చూడలేదు.

సముద్రము మనకు శత్రువు కాదు. దాని వేళ దానికి కలదు. ఆ వేళ నెరిగినవానిని మోసికొని పోవును. ఎరుగనివానిని ఈడ్చుకొని పోవును.

ప్రశ్నలు
1. మేనాయి జలసంధిలో ప్రవాహము ఏల పుట్టును?
2. ఈతగాండ్రు పాటించు జాగ్రత్తలేవి?
3. కాన్వే ఓడ కథవలన మనము గ్రహింపవలసిన దేమి?