సముద్రస్నానము – నీటి పరీక్ష

మన ఆలంగుళము మెట్టప్రాంతము. సముద్రమును చూడవలెనన్నచో మనము తూత్తుకుడికో, తిరుచెందూరునకో పోవలెను. తిరుచెందూరులో భక్తులు మొదట సముద్రమున మునిగి, పిదప నాళిక్కిణఱు అను బావినీట స్నానము చేయుదురు. ఇట్లు పెక్కుమంది మునుగు నీరు తేటగా కనబడినంత మాత్రమున నిర్దోషమని తలపరాదు. రోగకారకములైన సూక్ష్మజీవులు కంటికి కానరావు.

కనుకనే పరీక్ష అవసరము. మురుగు కలిసిన నీట మలసంబంధమైన కోలిఫారమ్ సూక్ష్మజీవులుండును. నీటిని శుద్ధమైన సీసాలో పట్టి, ప్రయోగశాలలో తగిన వేడిమియందుంచి, వానిని పెంచి లెక్కింతురు. మన దేశపు ప్రమాణము ననుసరించి, స్నానయోగ్యమైన సముద్రజలమున 100 మిల్లీలీటర్లకు అవి 100కు మించరాదు. కరగిన ప్రాణవాయువు లీటరునకు 4 మిల్లీగ్రాములకు తగ్గరాదు. విశాఖపట్టణమందలి ఋషికొండ తీరమునకు 2020లోను, చెన్నైకి దక్షిణమున నున్న కోవళమునకు 2021లోను 'నీలిపతాకము' అను అంతర్జాతీయ గుర్తింపు లభించుటకు నీటి శుద్ధియు నొక నిబంధన.

విహారయాత్రకు పోయినపుడు మురుగుకాలువ కలియు చోటను, పెద్దవాన కురిసిన మరునాడును నీట దిగరాదు. మనలో ఈత రానివారు మోకాలిలోతు దాటరాదు. లోనికి లాగు ప్రవాహమున చిక్కిన ఈతగాడు దానికి ఎదురీదక, ఒడ్డునకు సమాంతరముగా ఈది దానిని తప్పించుకొని, పిమ్మట ఒడ్డు చేరవలెను.

మనము తీరమున మలినము విడువరాదు. మనము మునిగిన నీటనే రేపు మరియొక బడి పిల్లలు మునుగుదురు.